సెమీ ఆటో .22 రైఫిల్: జామ్ అవుతోందా, గ్రూపు చెదురుతోందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

గచ్చిబౌలి రేంజ్‌లో 50 మీటర్ల రైఫిల్ కొట్టేవాళ్లు ఒక్కో తూటా చేత్తో పెట్టి, వెనక మూతలాంటి బోల్ట్ మూసుకుంటారు, వాళ్లకు ఈ గొడవ తక్కువ. సెమీ ఆటోలో అలా కాదు. బోల్ట్‌ను వెనక్కి తోసేది, ఖోకాను (పేలాక మిగిలే ఇత్తడి డొప్పను) బయటికి విసిరేది, తర్వాతి తూటా ఎక్కించే స్ప్రింగ్‌ను నొక్కేది అంతా పేలిన తూటా బలమే. అంటే తూటా కూడా యంత్రంలో ఒక భాగమే. 25 మీటర్ల .22 పిస్టళ్లదీ ఇదే పద్ధతి కాబట్టి, కింది మాటలు చాలావరకు పిస్టల్ కొట్టేవాళ్లకూ పనికొస్తాయి. ఏం విప్పినా ముందు మ్యాగజైన్ తీయండి. తూటా కూర్చునే చాంబర్ ఖాళీ అని కంటితో చూసి, వేలితో కూడా తడిమి చూసుకోండి.

అపోహ: జామ్ అవడం వేరు, షాట్ ఎక్కడికో పోవడం వేరు.

చాలాసార్లు రెండూ ఒకే జబ్బు. .22 లాంగ్ రైఫిల్ అనే ఈ తూటాలో ముందుండే బుల్లెట్ మెత్తటి సీసం, గోరుతో గట్టిగా నొక్కినా గీత పడుతుంది. తూటాను పట్టి ఉంచే మ్యాగజైన్ లిప్స్ (పై అంచులు) కాస్త వంగినా, మ్యాగజైన్ పట్టు వదులై అటూ ఇటూ ఊగినా, తూటా ముక్కు చాంబర్ అంచుకు తగులుకుంటూ లోపలికి పోతుంది. మరీ వంకరగా పోతే ఇరుక్కుంటుంది, దాన్ని జామ్ అంటాం. చాలాసార్లు మాత్రం ఎలాగో దూరిపోతుంది, కాకపోతే ముక్కు ఒక పక్క చెక్కుకుపోయి ఉంటుంది. రైఫిల్ ఆగలేదు కాబట్టి మనకు అనుమానం రాదు. టార్గెట్ మీద మాత్రం ఒక షాట్ మిగతా షాట్ల గుంపును, అంటే గ్రూపును, వదిలి పక్కకు వెళ్లి కూర్చుంటుంది. తిట్లన్నీ స్కోప్‌కు పడతాయి.

తేల్చుకోవడం సులువే. ఒకే డబ్బాలోంచి 20 తూటాలు తీయండి. 10 చేత్తో ఒక్కొక్కటి చాంబర్‌లో పెట్టి, 10 మ్యాగజైన్ నుంచి, రైఫిల్‌ను ఆనించే అదే రెస్ట్ మీద కొట్టండి. చేత్తో పెట్టినవి దగ్గరగా పడి మ్యాగజైన్‌వి చెదిరితే, దోషం బ్యారెల్‌ది (గొట్టానిది) కాదు. తర్వాత ఫైరింగ్ లైన్ మీదే, గొట్టం టార్గెట్ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీద లేకుండా, మ్యాగజైన్ నుంచి ఒక తూటా ఎక్కించి మళ్లీ బోల్ట్ లాగి బయటికి తీయండి. వెలుతురులో తిప్పి చూస్తే ముక్కు మీద మెరిసే గీత, చదునైన మచ్చ ఏదైనా ఉంటే కనిపిస్తుంది. ఆ తూటాను మళ్లీ వాడొద్దు. మ్యాగజైన్ల మీద మార్కర్‌తో 1, 2, 3 అని రాసుకోండి. జామ్ ఎప్పుడూ 2వ నంబరుతోనే వస్తోందంటే రైఫిల్ విప్పే పని తప్పినట్టే.

ఇంకోటి. మొదటి షాట్ మాత్రమే వేరే చోట పడుతుంటే, దాన్ని ఎక్కించిన తీరు చూడండి. కొందరు బోల్ట్‌ను పట్టుకుని మెల్లగా ముందుకు దింపుతారు. మిగతా తూటాలను బోల్ట్ తన స్ప్రింగ్ బలంతో కొట్టి కూర్చోబెడుతుంది, ఇది ఒక్కటే బలం లేకుండా కూర్చుంటుంది. వెనక్కి పూర్తిగా లాగి వదిలేయాలి, అంతే.

అపోహ: పేలలేదంటే స్ప్రింగ్ నీరసించినట్టే.

ముందు గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటా అరుదే కానీ లేకపోలేదు. తర్వాత తూటా తీసి దాని వెనక అంచు (రిమ్) మీద ఫైరింగ్ పిన్ కొట్టిన గుర్తు చూడండి. రిమ్‌ఫైర్‌లో (.22 తూటా ఈ రకమే) నిప్పు రాజేసే మందు రిమ్ లోపల చుట్టూ పరుచుకుని ఉంటుంది. గుర్తు లోతుగా ఉండీ పేలకపోతే, ఆ చోట మందు లేదన్నమాట, తప్పు తూటాది. గుర్తు పైపైన ఉంటే తప్పు రైఫిల్‌ది. అప్పుడు కూడా స్ప్రింగ్‌ను చివర్లో అనుమానించండి. చాంబర్ ముందు భాగంలో బుల్లెట్ మీది మైనం, మసి కలిసి గట్టిపడితే తూటా చివరి వెంట్రుకవాసి లోపలికి పోదు, బోల్ట్ పూర్తిగా మూసుకోదు. పిన్‌ను కొట్టే సుత్తి దెబ్బ సగం బోల్ట్‌ను మూయడానికే ఖర్చయి, పిన్‌కు మిగిలేది తక్కువ. ఇత్తడి బ్రష్‌ను సాల్వెంట్‌లో ముంచి చాంబర్‌లో చేత్తో తిప్పితే చాలాసార్లు అక్కడితో కథ ముగుస్తుంది. ఆ తర్వాతే పిన్ గాడిలో మురికి, ఆ తర్వాతే స్ప్రింగ్.

అపోహ: ఖోకా బయటికి రాకపోతే ఎక్స్‌ట్రాక్టర్ మార్చాలి.

బ్లోబ్యాక్‌లో, అంటే మొదట్లో చెప్పిన ఈ పద్ధతిలో, ఖోకాను వెనక్కి నెట్టేది గ్యాసు ఒత్తిడే. ఎక్స్‌ట్రాక్టర్ అనే కొక్కెం దాన్ని, బయటికి విసిరే ఎజెక్టర్ దాకా పట్టుకుని ఉంటుంది. ఖోకా చాంబర్‌లోనే ఉండిపోతే ముందు అనుమానం చాంబర్ మురికి మీద. బోల్ట్‌కు అడ్డంగా నిలువునా ఇరుక్కుంటే బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లలేదని అర్థం: బలం చాలని తూటా, చిక్కబడిన నూనె, లేదా ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద ఇరుక్కున్న మసి. ఆ కొక్కేన్ని అగ్గిపుల్ల మొనతో గోకి చూశాకే కొత్తది కొనండి.

అపోహ: నూనె ఎంత వేస్తే అంత మంచిది.

బోల్ట్ జారే చోట రెండు చుక్కలు చాలు. ఎక్కువైతే మసి, మన దుమ్ము కలిసి పేస్టు అవుతుంది. మ్యాగజైన్ లోపల మాత్రం పొడిగా ఉండాలి. కొబ్బరినూనె వాడేవాళ్లు ఉన్నారు. డిసెంబరు పొద్దున బాత్‌రూమ్‌లో సీసా గడ్డకట్టి ఉంటుంది కదా, బోల్ట్ పట్టాల మీదా అదే జరుగుతుంది. కుట్టుమిషన్ నూనె అంతకంటే వెయ్యి రెట్లు నయం.

అపోహ: బ్యారెల్ అద్దంలా మెరిస్తేనే గురి.

సీసపు బుల్లెట్ మీది మైనం గొట్టం లోపల పలుచటి పొరగా పరుచుకుంటుంది. అది కుదిరాకే గ్రూపు నిలబడుతుంది. శుభ్రం చేశాక మొదటి 5, 10 షాట్లను లెక్కలోకి తీసుకోకండి. బ్రాండు మార్చినా అంతే. పైగా చాలా సెమీ ఆటోలకు వెనక నుంచి రాడ్ పోదు. ముందు నుంచి దూర్చి దూర్చి గొట్టం మూతి అంచు అరగదీస్తే, ఆ నష్టం మైనంతో పూడదు. తాడుతో గుడ్డను లోపలి నుంచి లాగే పుల్‌త్రూ వాడండి. ఎన్‌సీసీ అలవాటుతో పెద్ద చిందీ (గుడ్డపేలిక) దూర్చకండి, ఈ గొట్టం లోపల వెడల్పు దాదాపు 5.6 మిల్లీమీటర్లే.

అపోహ: స్పీడు తూటా కొంటే జామ్, గురి రెండూ తీరిపోతాయి.

జామ్ తీరొచ్చు. కొన్ని రైఫిళ్లకు ఆ బలం కావాలి కూడా. గురి సంగతి వేరు. హై వెలాసిటీ తూటా సెకనుకు సుమారు 375 మీటర్లతో బయల్దేరి, దారిలో ధ్వని వేగం కిందికి దిగుతూ తడబడుతుంది. మ్యాచ్ తూటాలు సెకనుకు 325 మీటర్ల దగ్గర, మొదటి నుంచీ ధ్వని కిందే ఉంటాయి. అసలు కావాల్సింది వేగం కాదు, వేగంలో నిలకడ. 325తో వెళ్లాల్సిన తూటా 310తో వెళితే 50 మీటర్ల దగ్గర సుమారు 11 మిల్లీమీటర్లు కిందికి పడుతుంది. ఆ దూరపు రైఫిల్ టార్గెట్‌లో పది రింగు వెడల్పు 10.4 మిల్లీమీటర్లు! గ్రూపు నిలువుగా సాగితే తూటానే అనుమానించండి. మే నెల ఎండలో ఆపిన కారులో డబ్బా వదిలేస్తే మైనం కరిగి కారుతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

గ్రూపు రెండు గుంపులుగా విడిపోతే మరలు చూడండి. స్కోప్ రింగులు, స్కోప్ బేస్, స్టాక్ (భుజానికి ఆనే భాగం) మర. స్టాక్ మరకు చాలా రైఫిళ్లలో 15 నుంచి 20 ఇంచ్-పౌండ్ల బిగింపు సరిపోతుంది. మీ మాన్యువల్ ఏదంటే అదే. ఒకేసారి మూడూ బిగించకండి, దేనివల్ల బాగైందో తెలియదు.

అపోహ: బోల్ట్‌ను ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగ్ ఒక చుట్టు కోస్తే బలం తక్కువ తూటాతో కూడా ఆడుతుంది.

ఆడుతుంది. ఒత్తిడి తగ్గకముందే బోల్ట్ కూడా తెరుచుకోవచ్చు. పలుచటి ఇత్తడి ఖోకా మీ మొహం ముందే పగులుతుంది. ఇది వద్దు. ట్రిగ్గర్ నొక్కేదాకా సుత్తిని ఆపి ఉంచే సియర్‌ను అరగదీయడం కూడా వద్దు, ఒక నొక్కుకు రెండు పేలితే ప్రమాదం, పైగా కేసు. మన దేశంలో తుపాకీ రిపేరు లైసెన్స్ ఉన్నవాళ్ల పని. 1959 ఆయుధ చట్టం ఆ మాట స్పష్టంగానే చెబుతుంది.

అపోహ: ఖాళీగా ట్రిగ్గర్ నొక్కితే ఏమీ కాదు.

రైఫిల్‌ను బట్టి ఉంటుంది. రూగర్ 10/22 లాంటి వాటికి తయారీదారే అనుమతిస్తాడు. కొన్నింట్లో తూటా లేనప్పుడు పిన్ నేరుగా చాంబర్ అంచును కొడుతుంది. అక్కడ చిన్న గుంట, లోపలివైపు చిన్న ముల్లు లేస్తాయి. ఖోకా మీద ప్రతిసారీ ఒకే చోట గీత పడుతుంటే ఆ ముల్లే కారణం కావచ్చు. ఆకురాయి పట్టకండి. గన్‌స్మిత్ దగ్గర చాంబర్ ఐరన్ ఉంటుంది, దాంతో లోహాన్ని కోయకుండా వెనక్కి నొక్కి సరిచేస్తాడు.