ఉత్పాదకత పెరిగినా జీతం ఎందుకు పెరగట్లేదు: అపోహలు - వాస్తవాలు

వేతన ఒప్పందాల చర్చల్లో కార్మికుల తరఫున లెక్కలు చూడటం నా పని. కొన్ని మాటలు మేనేజ్‌మెంట్ నోటి నుంచే కాదు, కార్మికుల నోటి నుంచి కూడా పదేపదే వింటుంటాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కంపెనీ బాగుపడితే జీతాలు వాటంతటవే పెరుగుతాయి.

వాస్తవం: ఒక కాలంలో అలాగే జరిగినట్టు కనిపిస్తుంది. అమెరికాలో 1948 నుంచి 1979 దాకా ఉత్పాదకత, అంటే గంట పనికి వచ్చే ఉత్పత్తి, రెట్టింపు దాటింది. ధరల పెరుగుదల తీసేసి చూస్తే మామూలు కార్మికుడి గంట వేతనం కూడా రెట్టింపు అయింది. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. అక్కడి ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 1979 నుంచి 2020 దాకా ఉత్పాదకత దాదాపు 62 శాతం పెరిగితే, ఇతర సదుపాయాల విలువ కలుపుకున్నా వేతనం 18 శాతం కూడా పెరగలేదు.

ఉత్పాదకత పెరిగితే జీతం పెంచడానికి వీలు దొరుకుతుంది, అంతే. ఆ వీలును ఎవరు వాడుకుంటారన్నది బేరంలో తేలుతుంది. అమెరికా ఉద్యోగుల్లో యూనియన్ సభ్యులు 1983లో 20 శాతం ఉంటే, ఇప్పుడు 10 శాతం దగ్గరకు పడిపోయారు. అక్కడి ఫెడరల్ కనీస వేతనం 2009 జులైలో గంటకు 7.25 డాలర్లు అయింది. పదిహేనేళ్లు దాటినా అంగుళం కదల్లేదు, ధరలు మాత్రం పెరుగుతూనే పోయాయి. అడిగే గొంతు తగ్గి, అడుగున ఉండాల్సిన ఆధారం కూడా కుంగిపోతే జీతం దానంతట అది ఎలా పెరుగుతుంది?

అపోహ: పని పెంచింది యంత్రం. కార్మికుడికి అందులో వాటా ఎందుకు?

వాస్తవం: 1979కి ముందు కూడా యంత్రాలు వచ్చాయి, ఉత్పత్తి పెంచాయి. అయినా వేతనం వెంటే నడిచింది. పైగా కొత్త యంత్రం వచ్చిన మొదటి నెలల్లో దాన్ని దారికి తెచ్చేది, ఎక్కడ ఆగుతుందో కనిపెట్టేది షిఫ్టులో ఉన్నవాళ్లే.

అపోహ: ఈ తేడా అంతా గణాంకాల మాయ.

వాస్తవం: దీన్ని కొట్టిపారేయను, కొంత నిజం ఉంది. ఉత్పత్తి విలువను ఒక ధరల సూచీతో, వేతనాన్ని వినియోగదారుల ధరల సూచీతో లెక్కించడం వల్ల కొంత తేడా వస్తుంది. మామూలు కార్మికుడి బదులు మొత్తం ఉద్యోగుల సగటు తీసుకుంటే అంతరం ఇంకా తగ్గుతుంది.

అయితే ఆ సగటులోనే అసలు విషయం దాగి ఉంది. పదిమంది ఉన్న చోట తొమ్మిదిమందికి తలా 30, పైనున్న ఒకరికి 130 వస్తుందనుకోండి. సగటు 40. మరుసటి ఏడు ఆ ఒక్కరికే 230 చేస్తే సగటు 50 అవుతుంది. 'సగటు జీతం 25 శాతం పెరిగింది' అని నివేదికలో రాసుకోవచ్చు, అందులో అబద్ధం లేదు. కానీ ఆ తొమ్మిదిమంది ఇళ్లకు అదనంగా ఒక్క పైసా వెళ్లలేదు. అందుకే చర్చల్లో సగటు చూపించినప్పుడల్లా వరుసలో మధ్యనున్న ఉద్యోగి జీతం అడుగుతాను. అది చెప్పడానికి చాలాసార్లు ఇష్టపడరు.

అపోహ: జీతాలు పెంచితే ఉద్యోగాలు పోతాయి.

వాస్తవం: ఎంత పెంచారు, ఎక్కడ పెంచారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1992లో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని 4.25 నుంచి 5.05 డాలర్లకు పెంచింది. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు అక్కడి ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను పక్కనున్న పెన్సిల్వేనియావాటితో పోల్చి చూశారు. పెంపు వల్ల ఉద్యోగాలు తగ్గిన దాఖలా దొరకలేదు. దాని మీద చాలా వాదోపవాదాలు నడిచాయి. 2021లో కార్డ్‌కు నోబెల్ వచ్చింది. ఇలా ఎందుకు జరగొచ్చంటే, ఒక ప్రాంతంలో పనిచ్చే కంపెనీలు ఒకటో రెండో ఉంటే, మనిషికి వేరే దారి లేదని అతను తెచ్చిపెట్టే విలువకన్నా తక్కువే ఇస్తారు. అలాంటి చోట కొంత పెంచినా ఉద్యోగాలు నిలుస్తాయి.

అపోహ: జీతాల ఖర్చు ఎంతో కంపెనీ లెక్కల్లో స్పష్టంగానే ఉంటుంది.

వాస్తవం: లాభనష్టాల ఖాతాలో 'ఉద్యోగుల ప్రయోజనాలు' అనే వరుస ఒక్కటే చూసి ఊరుకోవద్దు. కాంట్రాక్టు కార్మికులకయ్యే ఖర్చు చాలాచోట్ల అందులో ఉండదు. 'ఇతర ఖర్చులు' కింద, కరెంటు బిల్లు, మరమ్మతుల పక్కన ఉంటుంది. అదే లైన్ మీద అదే పని చేసే మనిషి కాగితం మీద ఉద్యోగిగానే కనిపించడు. అప్పుడు మొత్తం ఉత్పత్తిని పర్మనెంటు ఉద్యోగుల సంఖ్యతో భాగిస్తే తలసరి ఉత్పత్తి ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తుంది. ఆ అంకెను మనమే తీసుకెళ్లి చూపిస్తే ఒక్క ప్రశ్నతో కొట్టేస్తారు. కాబట్టి ముందు 'ఇతర ఖర్చుల' కింది వివరణ తెరవండి, కాంట్రాక్టు వాళ్ల పని గంటలు కూడా కలిపి భాగించండి. వాళ్ల వేతనాన్ని కూడా అదే డిమాండ్ల పత్రంలో చేర్చండి. వాళ్లు చవగ్గా దొరికినంత కాలం పర్మనెంటు వాళ్ల జీతం మీద కూడా ఒత్తిడి తగ్గదు.