పనస బేరగాడి కన్ను, ఆశా వర్కర్ ఫోను

మొన్న శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర చుట్టాలింట్లో బాలింతను చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ ఊరి ఆశా వర్కర్ కూడా వచ్చింది. ఏడో రోజు విజిట్. స్ప్రింగ్ కాటాకి గుడ్డ ఉయ్యాల తగిలించి, బిడ్డను అందులో పడుకోబెట్టి పైకెత్తిందో లేదో, మంచం మీదున్న ముసలమ్మ గోల పెట్టేసింది. "ఏటమ్మా, పురుడైనా తీరలేదు, పసిగుడ్డుని తూకమేస్తారేటి? దిష్టి తగల్దా?" బిడ్డ కాళ్లు తన్నుతోంది, ముల్లు రెండున్నర దగ్గర అటూ ఇటూ ఊగుతోంది. కంగారులో పుస్తకంలో 2.5 అని రాసేసి బయటికొచ్చి నన్ను అడిగింది: "సార్, ఫోన్లో వీడియో తీస్తే ఏఐ బరువు చెప్పేస్తుందట కదా, నిజమేనా? కెమెరాకి బరువెలా తెలుస్తుంది సార్?"

నిజమే. వాధ్వానీ ఏఐ అనే మన దేశపు సంస్థ సరిగ్గా ఈ ఇంటి విజిట్ల కోసమే ఒక పద్ధతి తయారుచేసింది. బిడ్డను గుడ్డ మీద పడుకోబెట్టి, పక్కన చెక్క స్కేలు లాంటి కొలత తెలిసిన వస్తువు పెట్టి, ఫోన్‌ని బిడ్డ మీదుగా విల్లులా తిప్పుతూ చిన్న వీడియో తీయాలి. 2024లో దీని మీద నర్చర్‌నెట్ పేరుతో పరిశోధన పత్రం వచ్చింది. కృత్రిమ మేధ అంటే ఏమిటనే పాఠం ఇక్కడ చెప్పను, అది ఎక్కడైనా దొరుకుతుంది. నన్ను పట్టుకుని వదలనిది ఆ చెక్క స్కేలు.

ఆ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో పనసకాయలు కొనే బేరగాళ్లను గమనించండి. కాయను కోయరు, ఎత్తరు. ఓ పక్కనుంచి చూస్తారు, చెట్టు చుట్టూ తిరిగి ఇంకో పక్కనుంచి చూస్తారు, కాయ మీద జాన వేస్తారు, "పన్నెండు కిలోలుంటాది" అనేస్తారు. జాన వేయడం, చుట్టూ తిరగడం, వేల కాయలు చూసిన అనుభవం. ఫోన్ పనీ ఇంచుమించు ఈ మూడింటి లాంటిదే.

ముందు జాన సంగతి. ఫొటోకి సైజు తెలియదు. దగ్గరున్న చిన్న కాయ, దూరంగా ఉన్న పెద్ద కాయ ఫొటోలో ఒకేలా పడతాయి. పక్కన 30 సెంటీమీటర్ల స్కేలు ఉంటే, అది ఫొటోలో ఎన్ని చుక్కల పొడవుందో లెక్కపెట్టి ఒక్కో చుక్క ఎన్ని మిల్లీమీటర్లో తేల్చుకోవచ్చు. అయితే బరువు పొడవుతో పాటు సమానంగా పెరగదు, దాని ఘనంతో పెరుగుతుంది. ఒకే ఆకారంలో ఉన్న రెండు బొప్పాయిల్లో ఒకటి రెండింతలు పొడవుంటే బరువు ఎనిమిదింతలు. పిల్లల చేత ఘనపరిమాణం సూత్రాలు వంద సార్లు రాయిస్తాం కానీ క్లాసులోకి రెండు బొప్పాయిలు, ఒక కాటా తీసుకురాం, అదే నా బాధ. ఈ ఘనం వల్ల కొలతలో 1 శాతం పొరపాటు బరువులో 3 శాతం అవుతుంది. రెండున్నర కిలోల బిడ్డకి అది 75 గ్రాములు.

ఇప్పుడు చుట్టూ తిరగడం. స్కేలు గుడ్డ మీద ఉంది, బిడ్డ పొట్ట ఆ గుడ్డకి సుమారు 10 సెంటీమీటర్లు పైన ఉంది. ఫోన్‌ని గుడ్డకి 50 సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకుంటే కెమెరాకి స్కేలు 50 దూరంలో, పొట్ట 40 దూరంలో ఉంటాయి. అంటే స్కేలుతో పోలిస్తే పొట్ట ఒకటింబావు రెట్లు పెద్దగా కనిపిస్తుంది. అమాయకంగా ఆ కొలతనే ఘనం చేస్తే 1.25 × 1.25 × 1.25, దాదాపు 1.95. రెండున్నర కిలోల బిడ్డ ఐదు కిలోలకి దగ్గరైపోయింది! అందుకే ఒక్క ఫొటో చాలదు. ఫోన్ కదులుతుంటే దగ్గరున్న పొట్ట ఎక్కువ జరిగినట్టు, కిందున్న స్కేలు తక్కువ జరిగినట్టు కనిపిస్తాయి, ఆ తేడాలోనే ఎత్తు దాక్కుని ఉంటుంది. బేరగాడు చెట్టు చుట్టూ తిరిగేది అందుకే.

సైజు దొరికాక బరువు కష్టం కాదు. మనిషి ఒంటి సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతే, లీటరుకి కిలో. పనసకాయలో తొనలెన్నో, పిప్పెంతో అని బేరగాడు ఊహించాలి, ఫోన్‌కి ఆ తిప్పలు లేవు.

మూడోది అనుభవం. పై లెక్కల్ని ఎవరూ సూత్రాలుగా రాసివ్వరు, బేరగాడు కాయల్ని చూసి నేర్చుకున్నట్టే ఈ యంత్రం కాటా మీద తూచిన బిడ్డల వీడియోలు చూసి నేర్చుకుంటుంది. నర్చర్‌నెట్ అనే ఆ యంత్రం, వీడియోతో పాటు బిడ్డ గురించి విడిగా రాసిచ్చే అంకెల్ని కూడా కలుపుకుని బరువు, పొడవు, తల చుట్టుకొలత, ఛాతీ చుట్టుకొలత ఒకేసారి అంచనా వేస్తుంది. నెట్ లేని ఊళ్లోనూ మామూలు ఫోన్లో నడిచేలా 15 మెగాబైట్లకి కుదించారు. అసలు బరువుకీ దాని అంచనాకీ సగటు తేడా 114.3 గ్రాములు, అంటే 3.9 శాతం. ముల్లు ఊగే కాటాతో పోలిస్తే ఇది చిన్న విషయం కాదు.

కానీ ఎదుగుదల చూడాలంటే రెండు కొలతల మధ్య తేడా కావాలి. బిడ్డ మొదటి రోజుల్లో కాస్త తగ్గి, పది నుంచి పద్నాలుగు రోజుల్లో పుట్టినప్పటి బరువుకి వచ్చి, ఆ తర్వాత రోజుకి 20, 30 గ్రాములు పెరుగుతుంది. వారానికి 200 అనుకుందాం. రెండు కొలతల్లోనూ వందేసి గ్రాములు తేడా ఉండొచ్చంటే, పెరిగింది బిడ్డో పొరపాటో ఎలా చెప్పగలం? పైగా ఇలా నేర్చుకునే యంత్రాలకి సగటు వైపు మొగ్గే గుణం ఉంటుంది, చిన్న బిడ్డను కాస్త పెద్దగా చూపిస్తాయి. మనం వెతికేది ఆ చిన్న బిడ్డనే కదా! కాబట్టి బరువు బాగా తక్కువున్న బిడ్డను ఇంటి దగ్గరే పసిగట్టడానికి ఫోన్ పనికొస్తుందని నేను నమ్ముతాను, వారం వారం పెరుగుదల చూడ్డానికి మాత్రం ఇప్పటికి కాటాయే కావాలి.

ఇంకోటి కూడా ఆమెకి చెప్పాను. ఆ యంత్రానికి పాఠం చెప్పేది కాటా మీద తూచి రాసిన బరువులే. 2.4నీ 2.6నీ కూడా 2.5 అని రాసుకుంటూ పోతే, అది ఆ 2.5నే నేర్చుకుంటుంది.

ఆమె కాసేపు పుస్తకం వైపు చూసి "మళ్లీ తూద్దాం సార్" అంది. లోపలికెళ్లాం. ముందు బిడ్డ అరికాలికి కాటుక చుక్క పెట్టమని ముసలమ్మకే ఇచ్చింది, దాంతో ఆవిడ శాంతించింది. దిష్టి మీద నాకు నమ్మకం లేదు, అయినా ఆ చుక్కతో తూకం ఆగకపోతే నాకంతే చాలు. ఖాళీ ఉయ్యాలతో ముల్లుని సున్నాకి తెచ్చి, బిడ్డ తన్నడం మానేదాకా చెయ్యి కదపకుండా పట్టుకుంది. ముల్లు ఆగింది. 2.5 కొట్టేసి పక్కన 2.4 అని రాసింది.