సంఖ్యలు కదలవు, అంగలు మారతాయి

పాకాల దగ్గర పల్లెలో ఉండే మా మేనమామ రోజూ కేంద్రంలో పోసిన పాల లెక్క ఒక నోటుబుక్కులో రాసుకుంటాడు. గళ్లు గీయడు, తేదీలు వేయడు. పొద్దున 6.5, సాయంత్రం 5, మళ్లీ పొద్దున 6, సాయంత్రం 5.5... ఇలా వరసగా రాసుకుంటూ పోతాడు. ఏడాది తిరిగేసరికి 730 సంఖ్యలయ్యాయి. "పొద్దున ఎంత పోశానో, సాయంత్రం ఎంత పోశానో వేరుగా తేల్చి చెప్పురా" అని ఆ పుస్తకం నా చేతికిచ్చాడు.

నేను తిరుపతిలో పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతాను. ఆ సంఖ్యలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, 365 అడ్డవరసలు, 2 నిలువు వరసలుగా మార్చమని 'రీషేప్' అనే ఒక్క ఆజ్ఞ ఇచ్చాను. పొద్దుటి పాలన్నీ ఎడమవైపు, సాయంత్రం పాలన్నీ కుడివైపు వచ్చి నిలబడ్డాయి. పొద్దుటి పాలే ఎక్కువని తేలింది. సాయంత్రం పితికాక పొద్దుటిదాకా ఎడం ఎక్కువ కాబట్టి అది మామూలే. నాకు ఆశ్చర్యమనిపించే విషయం వేరు. ఈ మార్పులో ఆ 730 సంఖ్యల్లో ఒక్కటి కూడా ఉన్న చోటు నుంచి కదల్లేదు.

కంప్యూటర్ మెమరీకి అడ్డం, నిలువు అంటూ ఏమీ లేవు. మా మామ నోటుబుక్కులాగే అదీ ఒకటే పొడవాటి వరస. ఒక్కో సంఖ్యకు 8 బైట్ల చొప్పున మన 730 సంఖ్యలు 5,840 బైట్లలో పక్కపక్కనే కూర్చుంటాయి. ఆ వరసకు తోడుగా ఒక చిన్న చీటీ ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్ని వరసలు, ఎంత అంగ వేయాలి అన్నవి ఆ చీటీలో ఉంటాయి. పక్క గడికి పోవాలంటే 8 బైట్ల అంగ, కింది వరసకు పోవాలంటే 16 బైట్ల అంగ. రీషేప్ అంటే ఈ చీటీని తిరగరాయడమే.

ఇది అర్థమైతే మరికొన్ని పనులు కూడా దాదాపు ఖర్చు లేకుండా జరుగుతాయని తెలుస్తుంది. అడ్డాన్ని నిలువు చేయాలా? 16, 8 అంగలను తారుమారు చేస్తే చాలు. ఏడాది చివరి నుంచి వెనక్కి చదవాలా? ఆఖరి సంఖ్య దగ్గర మొదలుపెట్టి మైనస్ 8 అంగ వేయాలి. లీటరు ధర ఒక్కటే, దాన్ని 730 చోట్లా వాడాలా? అంగ సున్నా. ఎన్నిసార్లు నడిచినా అదే సంఖ్య దగ్గర ఉంటాం. ఈ సున్నా అంగ నాకు చాలా ఇష్టం. 730 నకళ్లు తీసే పనిని ఒక్క సున్నాతో తప్పించారు.

ఈ ఆలోచన పాతదే. కెనడాకు చెందిన కెన్నెత్ ఐవర్సన్ హార్వర్డ్‌లో పాఠాలు చెప్పేటప్పుడు బోర్డు మీద రాసుకోవడానికి ఒక సంకేత లిపి తయారు చేసుకున్నాడు. 1962లో అది పుస్తకంగా వచ్చింది. ఐబీఎం యంత్రాల మీద ఏపీఎల్ అనే భాషగా 1966లో పనిచేయడం మొదలుపెట్టింది. అందులో రీషేప్‌కి గ్రీకు అక్షరం రో ఒక్కటే గుర్తు. అప్పట్లో ఒక్కొక్కరికి దొరికే మెమరీ పదుల కిలోబైట్లే. అంత ఇరుకులో పెద్ద పట్టికలను అనవసరంగా నకలు తీసే వీలెక్కడిది? 1970లో ఫిలిప్ ఏబ్రమ్స్ స్టాన్‌ఫర్డ్‌లో చేసిన పరిశోధనలో తిప్పడం, కోయడం, అడ్డాన్ని నిలువు చేయడం లాంటి పనులను డేటా ముట్టుకోకుండా ఆ చీటీ మీదే ఎలా చేయవచ్చో చూపించాడు. ఈనాడు మా పిల్లలు పైథాన్ భాషలో సంఖ్యల పట్టికల కోసం వాడే నంపై అనే లైబ్రరీ కూడా ఇదే దారిలో నడుస్తుంది.

ఏపీఎల్ రీషేప్‌లో ఇంకో అందం ఉంది. సంఖ్యలు చాలకపోతే అది మళ్లీ మొదటికి వెళ్లి తెచ్చుకుంటుంది. 1, 0, 0, 0 అనే నాలుగింటిని ఇచ్చి 3 అడ్డం, 3 నిలువు పట్టిక చేయమంటే, అవే తిరిగి తిరిగి వచ్చి మూల నుంచి మూలకు ఒకట్లు, మిగతా చోట్ల సున్నాలు పడతాయి. గణితంలో యూనిట్ మాత్రిక అదే. అయితే మా మామ 730 సంఖ్యలను పొరపాటున లీపు సంవత్సరం అనుకుని 366 వరసలు చేయమంటే, ఏపీఎల్ మొదటి రోజు పాలనే చివర మళ్లీ పోస్తుంది. నంపై మాత్రం కుదరదని ఎర్రర్ ఇస్తుంది. లెక్కల విషయంలో నాకు నంపై పద్ధతే నచ్చుతుంది.

చీటీ మార్చినంత మాత్రాన అన్నీ కుదరవు. అడ్డాన్ని నిలువు చేసిన పాల పట్టికను మళ్లీ ఒకే వరసగా పరచమన్నాననుకోండి. ముందు 365 పొద్దుటి పాలు, తర్వాత 365 సాయంత్రం పాలు రావాలి. పొద్దుటివన్నీ 16 బైట్ల అంగలతో దొరుకుతాయి, కానీ ఆఖరి పొద్దుటి నుంచి మొదటి సాయంత్రానికి ఒక్కసారిగా వెనక్కి దూకాలి. ఏ ఒక్క అంగా ఆ నడకను చెప్పలేదు. అప్పుడు నంపై కిమ్మనకుండా కొత్త చోటు తీసుకుని అన్నింటినీ కాపీ చేస్తుంది. 730 సంఖ్యలకు ఎవరికీ తెలియదు. కోట్లలో ఉంటే తెలుస్తుంది.

మామ ఊరికి వెళ్లే దారిలోనే గాదంకి వస్తుంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1,024 యాంటెనాలను 32 అడ్డం, 32 నిలువుగా నిలబెట్టిన, పై గాలులను గమనించే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. ఆకాశంలోకి పంపిన పల్స్ (చిన్న రేడియో తరంగపు తునక) ప్రతిధ్వని ఒక మైక్రోసెకను ఆలస్యమైతే అది 150 మీటర్లు ఎక్కువ ఎత్తు నుంచి వచ్చినట్టు. అలాంటి ప్రవాహాన్ని పల్సుకు ఒక వరసగా పేర్చుకుంటే నిలువు వరసలు ఎత్తులవుతాయి. ఒక ఎత్తులో గాలి ఎలా ఉందో చూడాలంటే ఆ నిలువు వరస వెంట దిగాలి. వరసకు 256 ఎత్తులుంటే అంగ 2,048 బైట్లు. ప్రాసెసర్ మెమరీ నుంచి ఒక్కో సంఖ్యను తెచ్చుకోదు, సాధారణంగా 64 బైట్ల కట్ట తెచ్చుకుంటుంది. అందులో ఎనిమిది సంఖ్యలుంటే మనం వాడేది ఒక్కటే, ఏడు వృథా. ఇలాంటి చదువు వందసార్లు చేయాల్సి ఉంటే ముందే ఒకసారి పట్టికను తిప్పి నిజంగా కాపీ చేసుకోవడమే మేలు. కాపీ అంటేనే భయపడనక్కర్లేదు.

భయపడాల్సింది తెలియకుండా జరిగే కాపీలకు. ఒక విద్యార్థిని 20,000 చోట్ల మధ్య దూరాల పట్టిక వేసింది. 40 కోట్ల సంఖ్యలు, 3.2 గిగాబైట్లు. సగటు తీసేసిన పట్టికకు ఇంకో పేరు పెట్టింది, దాన్ని భాగించి మూడో పేరు పెట్టింది. మొత్తం 9.6 గిగాబైట్లు, ల్యాప్‌టాప్‌లో ఉన్నవి 8. "సార్, హ్యాంగ్ అయిపోయింది" అని ఏడుపు మొహంతో వచ్చింది. ఉన్న పట్టికలోనే దిద్దించాం, ఒక్కో సంఖ్యను 4 బైట్లకు కుదించాం. కిలోమీటర్ల దూరాలకు ఆ కచ్చితత్వం సరిపోతుంది. 1.6 గిగాబైట్లకు దిగింది. ఏపీఎల్, దాని బాటలో వచ్చిన జె, కె భాషల్లో ఈ దిద్దుబాటును భాషే చూసుకోగలదు. ఒక పట్టికను ఎన్ని పేర్లు వాడుతున్నాయో లెక్క పెట్టుకుంటుంది. ఒకరి పేరు మీదున్న పొలంలో ఆయన ఇష్టమొచ్చిన చోట బావి తవ్వుకోవచ్చు, ఉమ్మడి పట్టా అయితే కుదరదు కదా. అలాగే పేరు ఒక్కటే అయితే అక్కడే దిద్దుతుంది, రెండుంటే కాపీ తీసి దిద్దుతుంది.

ఆ అమ్మాయికి ఇంకో చిక్కు కూడా వచ్చింది. పెద్ద పట్టికలో 100 అడ్డం, 100 నిలువు ముక్క మాత్రమే ఉంచుకుని, పెద్దదాని పేరు చెరిపేసింది. మెమరీ మాత్రం తగ్గలేదు. ఆ ముక్క నిజంగా ముక్క కాదు, పాత వరసకే రాసిన మరో చీటీ. ఇంట్లో ఒక్క గదిలో మనిషి ఉన్నా ఇల్లు ఖాళీ చేసినట్టు కాదు. 40,000 బైట్ల ముక్క కోసం 1.6 గిగాబైట్లు అలాగే ఉండిపోయాయి. ముక్కను విడిగా కాపీ చేయించి, పాత చీటీలు తీసేయించాను. టాస్క్ మేనేజర్‌లో గీత ఒక్కసారిగా కిందికి పడింది. ఆ తర్వాత వారం రోజులు ఆ పిల్ల ప్రతి రీషేప్ కిందా నంపైలోని షేర్స్‌మెమరీ ఫంక్షన్ పెట్టి, పాత చోటేనా కొత్త చోటా అని చూసుకుంటూ కూర్చుంది.