యానిమే మీద రాసేవాళ్ల గురించి అపోహలు, అసలు సంగతులు

నల్లగొండలో ఉంటూ యానిమే గురించి, అంటే జపాన్ యానిమేషన్ సినిమాలు, సిరీస్‌ల గురించి తెలుగులో రాస్తుంటాను. పగలు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు, రాత్రి చూడడం, రాయడం. యానిమే తీసేవాళ్లంటే ఎంత ఇష్టమో, చూసినదాన్ని నలుగురికీ విప్పి చెప్పే, అభిమానులే అయిన రచయితలన్నా నాకు అంతే ఇష్టం. అసలు యానిమే ఎలా చూడాలో నేర్పింది వాళ్లే. ఒకాయన బ్యాక్‌గ్రౌండ్ పెయింటింగుల గురించి తప్ప ఇంకేమీ రాయడు. ‘మై నైబర్ టొటోరో’లో చెట్లు, గడ్డి, మబ్బులు అంత సజీవంగా ఎందుకున్నాయో, వాటి వెనక ఆర్ట్ డైరెక్టర్ కజువో ఓగా చెయ్యి ఏమిటో ఆయన రాస్తేనే నాకు తెలిసింది. ఇంకొకావిడకు సంగీతమే లోకం. ‘కౌబాయ్ బీబాప్’లో యోకో కన్నో జాజ్ ఎక్కడ అందుకుంటుందో, ఎక్కడ తగ్గుతుందో సీను సీనుకూ రాస్తుంది. వీళ్లకు డబ్బు రాదు, పెద్ద పేరూ రాదు. అయినా నిద్ర మానుకుని రాస్తారు. వీళ్ల గురించీ, ఈ పని గురించీ మన దగ్గర తరచూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. అవి ఎందుకు సరికావో చెప్పాలనిపించింది.

అపోహ: పిల్లల బొమ్మల మీద పెద్దవాళ్లు రాసేదేముంటుంది?

ఈ మాట ఇంట్లోవాళ్ల నుంచే ఎక్కువగా వస్తుంది. వాళ్లననడానికి లేదు. మన టీవీల్లో జపాన్ బొమ్మలంటే డోరేమాన్, షిన్‌చాన్, పోకెమాన్. మిగతాది వాళ్ల కంట పడలేదు.

1988 ఏప్రిల్ 16న స్టూడియో జిబ్లీ రెండు సినిమాలను జంటగా విడుదల చేసింది. ఒకటి ఇందాక చెప్పిన టొటోరో. రెండోది ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’. రెండో ప్రపంచ యుద్ధంలో కోబే మీద బాంబులు పడి తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్లు ఆకలితో కృశించిపోయే కథ. దర్శకుడు ఇసావో తకహాతా తొమ్మిదేళ్ల వయసులో ఒకాయామా మీద జరిగిన బాంబు దాడిలో బతికి బయటపడ్డవాడు. మూలకథ రాసిన అకియుకి నొసాకా అదే యుద్ధకాలంలో తన చిన్నారి చెల్లెలిని ఆకలికి పోగొట్టుకున్నాడు. ఆ సినిమాలో పండ్ల రుచుల చప్పరింపు బిళ్లల డబ్బా ఒకటి ఉంటుంది. బిళ్లలు అయిపోయాక అన్న అందులో నీళ్లు పోసి, కలిపి, చెల్లికి తాగిస్తాడు. ఆ పిల్ల ఒక్కో పండు పేరు చెబుతూ ఆ రుచులన్నీ వస్తున్నాయని సంబరపడుతుంది. ఆ డబ్బా సినిమాలో ఎక్కడెక్కడ కనిపిస్తుందో, కనిపించిన ప్రతిసారీ అందులో ఏముందో వరుసగా రాసిన వ్యాసం ఒకటి చదివాను. ఆ తర్వాత ఇది పిల్లల బొమ్మ అన్న మాట నా ఎదురుగా ఎవరన్నా నేను వాదించను. పక్కన కూర్చోబెట్టుకుని ఆ సినిమా చూపిస్తాను.

అపోహ: కథ చెప్పేసి, బాగుంది, బాగోలేదు అంటే రివ్యూ అయిపోయినట్టే.

కథ చెప్పడం మన పనిలో అన్నిటికన్నా చిన్న భాగం. నింజాల కథ ‘నరుటో షిప్పుడెన్’ 167వ ఎపిసోడ్ తీసుకోండి. హీరో నరుటో, విలన్ పెయిన్ తలపడే ఘట్టం. అందులో మొహాలు సాగిపోతాయి, కళ్లు ఎటో పోతాయి, ఒళ్లు రబ్బరులా వంగుతాయి. పాజ్ చేసి ఆ ఫ్రేములను ఫోన్లలో తిప్పుతూ బడ్జెట్ అయిపోయినట్టుందని నవ్వుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మా క్లాసు పిల్లలు కూడా.

యానిమేషన్ సెకనుకు 24 ఫ్రేముల మీద నడుస్తుంది. టీవీ యానిమేలో ఒక్కో బొమ్మను మామూలుగా రెండు, మూడు ఫ్రేముల పాటు నిలుపుతారు. అంటే సెకనుకు 12 బొమ్మలో, 8 బొమ్మలో. ముఖ్యమైన భంగిమలను కీ యానిమేటర్ గీస్తాడు. వాటి నడుమ రావాల్సిన బొమ్మలను ఇన్‌బిట్వీన్ ఆర్టిస్టులు నింపుతారు. ఎంతమంది చేతులు పడ్డా పాత్ర ఒకేలా కనిపించేలా యానిమేషన్ డైరెక్టర్ దిద్దుతాడు. అత్సుషి వకబయాషి దర్శకత్వం చేసిన ఆ 167వ ఎపిసోడ్‌లో మొహం పోలిక కంటే దెబ్బ బరువుకూ, దూకుడుకూ ఎక్కువ విలువ ఇచ్చారు. వేగంగా కదిలే వస్తువు ఆకారం మన కంటికి నిలకడగా అందదు, అది వెళ్లిన దారి అందుతుంది. ఆ సాగిన మొహాలు ఆ దారిలో భాగం. పాజ్ చేస్తే వికారంగా ఉండేది, నడుస్తుంటే గుండెల మీద గుద్దినట్టు ఉంటుంది. నచ్చకపోతే నచ్చలేదనొచ్చు, అది వేరే సంగతి. కానీ చేతకాక అలా గీశారనడం మాత్రం అబద్ధం. ఈ తేడాను ఓపికగా, ఫ్రేము ఫ్రేమూ చూపించి చెప్పింది రాసే అభిమానులే. స్టూడియోలు వచ్చి మనకు వివరించవు.

అపోహ: జపనీస్ రాకపోతే, జపాన్ తెలియకపోతే రాయకూడదు.

జపనీస్ వస్తే మంచిదే. రానంత మాత్రాన రాయడం మానుకోవాల్సిన పనిలేదు. తెలియని ఆచారం గురించి తెలిసినట్టు రాయకూడదు, అంతే. పేర్లు సరిగ్గా రాయాలి. అనుమానం ఉంటే తెలుసుకునేదాకా ఆగాలి.

దేవరకొండ దగ్గరి ఊరి అమ్మాయి ఒకామె మమోరు హోసోడా 2012లో తీసిన ‘వుల్ఫ్ చిల్డ్రన్’ గురించి రాసింది. భర్త చనిపోయాక, మనిషిగా, తోడేలుగా రెండు రూపాల్లో తిరిగే ఇద్దరు పిల్లల్ని పెంచడానికి హానా అనే తల్లి నగరం వదిలి కొండ ఊరికి వెళ్తుంది. ఇంటి దగ్గర వ్యవసాయం మొదలుపెడితే మొక్కలు చచ్చిపోతుంటాయి. చిటపటలాడే ఒక ముసలాయన వచ్చి మడి ఎలా చేయాలో చూపిస్తాడు, నీకు అవసరమనుకున్నదాని కంటే ఎక్కువ చోటు తవ్వమంటాడు. అంత ఎందుకో ఆమెకు అప్పుడు అర్థం కాదు. ఆలుగడ్డలు చేతికొచ్చి ఇరుగుపొరుగు ఇళ్లకు పంచుకున్నప్పుడు తెలుస్తుంది. ఆ ఏడు అందరి చేలనూ అడవి పందులు పాడుచేస్తే, ఆమె చేను జోలికి మాత్రం రావు. కారణం ఇంట్లో పెరుగుతున్న ఆ తోడేలు పిల్లలు.

నేను చదివిన వ్యాసాలన్నీ ఈ సినిమాను తల్లి ప్రేమ కథగానే చూశాయి. ఈ అమ్మాయి మాత్రం పందుల దగ్గర ఆగింది. పంట కోతకొచ్చే ముందు చేను చుట్టూ పాత చీరలు కట్టడం, రాత్రంతా మంచె మీద కాపలా ఉండడం, తెల్లారి చూస్తే సగం చేను కుళ్లగించి ఉండడం ఆమె ఇంట్లో జరిగే సంగతులు. పందులు రాని చేను అంటే రైతుకు ఏమిటో రెండు పేరాల్లో రాసింది. పిల్లల్ని దాచిపెట్టాల్సిన రహస్యంగా మోస్తున్న తల్లికి, ఆ రహస్యమే చేనుకు కాపలా అయిందని చెప్పింది. నా వరకు ఆ సినిమా మీద వచ్చిన మంచి రాతల్లో అదొకటి. నగరంలో కూర్చున్న విమర్శకుడికి ఆ సీను ఒక చిన్న ముచ్చటగానే దాటిపోతుంది. దేవరకొండ నుంచి చూస్తే అది దాటిపోయేది కాదు.

అపోహ: తెలుగులో ఎవరు చదువుతారు, అదీ మన జిల్లాల నుంచి రాస్తే?

2025 జనవరిలో, జపాన్ వాళ్లూ మనవాళ్లూ కలిసి చేసిన పాత యానిమే రామాయణం థియేటర్లలోకి మళ్లీ వచ్చినప్పుడు తెలుగు డబ్బింగుతో కూడా వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగులో విడుదలైంది. చూసేవాళ్లు తెలుగులో ఉన్నప్పుడు చదివేవాళ్లు లేకుండా ఎలా ఉంటారు? వాళ్లకు కావాల్సింది దొరకడం లేదంతే. మిర్యాలగూడ, వనపర్తి, పాలమూరు పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఏది చూడాలని కాదు, దీని గురించి తెలుగులో ఎక్కడైనా రాశారా అని.

మన దగ్గర ఈ ‘ఎవరు రాస్తారు, ఎవరు చదువుతారు’ అన్న మాట కొత్తది కాదు. 1922లోనే నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వెలువడింది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసి జవాబిచ్చారు. యానిమే మీద తెలుగులో రాసేవాళ్ల పేర్లు అలా ఒకచోట చేర్చాలన్నది నా కోరిక. ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

అపోహ: అభిమానులు రాసినంత మాత్రాన ఏం మారుతుంది?

టోక్యోలో జరిగే కామికెట్ పేరు వినే ఉంటారు. అభిమానులు తమ పుస్తకాలు తామే అచ్చు వేసుకుని అమ్ముకునే భారీ సంత. దాన్ని మొదలుపెట్టింది ఏ కంపెనీయో కాదు, మాంగా (జపాన్ కామిక్స్) మీద విమర్శలు రాసుకునే మెయిక్యూ అనే అభిమానుల బృందం. 1975 డిసెంబర్ 21న మొదటిసారి జరిగినప్పుడు 32 బృందాలు, సుమారు 700 మంది జనం. వచ్చినవాళ్లలో ఎక్కువ మంది స్కూలు అమ్మాయిలు. యానిమే, మాంగా మగపిల్లల వ్యవహారం అనేవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు. చాలదంటే ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ గీసిన హిరోము అరకావా, ‘ఇనుయాషా’ గీసిన రుమికో తకహాషి ఆడవాళ్లేనని గుర్తు చేయండి.

‘గుండం’ అనే రోబోల యుద్ధ యానిమే సంగతి ఇంకా పెద్దది. యోషియుకి తోమినో తీసిన మొదటి సిరీస్ 1979 ఏప్రిల్‌లో మొదలైంది. రేటింగులు రాలేదు. 52 ఎపిసోడ్లు అనుకున్నది 43తో ముగించేశారు. కానీ చూసిన కొద్దిమంది ఊరుకోలేదు. పత్రికలకు రాశారు, సొంతంగా చిన్న పుస్తకాలు వేశారు, ఆ యుద్ధ కథలో మంచివాడు, చెడ్డవాడు అన్న గీత ఎందుకు చెరిగిపోయిందో వాదించుకున్నారు. పునఃప్రసారాలు, ప్లాస్టిక్ మోడల్ బొమ్మలు తోడయ్యాయి. 1981లో సినిమా వచ్చేసరికి షింజుకులో సభ పెడితే వేలమంది అభిమానులు వచ్చారు. ఇదంతా రాతల వల్లే జరిగిందనను. ఆ రాతలే లేకపోతే ఆ 43 ఎపిసోడ్లను ఎవరు పట్టించుకునేవారు?

అపోహ: ఎపిసోడ్ వచ్చిన రాత్రే రాయాలి, లేకపోతే దండగ.

జపాన్‌లో జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల్లో కొత్త సీజన్లు మొదలవుతాయి. వాటి వెంట పరుగెత్తితే టెన్షన్ తప్ప మిగిలేదేమీ లేదు. 2005లో వచ్చిన ‘ముషిషి’ గురించి ఇవాళ రాసినా చదువుతారు. తొందరలేని రాతే నాకు ఎక్కువ నచ్చుతుంది.

అపోహ: ఓనర్‌కు క్రెడిట్ అని రాస్తే ఏదైనా పెట్టుకోవచ్చు.

పెట్టుకోకూడదు. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శకూ, సమీక్షకూ తగిన మేరకు వాడుకునే వెసులుబాటు ఇస్తుంది. చెబుతున్న విషయానికి అవసరమైన ఒకటి రెండు ఫ్రేములు వేరు, మాంగా చాప్టర్ మొత్తం ఎక్కించడం వేరు. ఇంకో అభిమాని గీసిన బొమ్మైతే అడిగి తీసుకోవాలి. దొంగ కాపీల లింకులు ఇవ్వకండి.

అపోహ: అభిమాని రాస్తే అంతా పొగడ్తే.

ఇష్టం ఉన్నవాడే గట్టిగా అడుగుతాడు. ఇన్‌బిట్వీన్ ఆర్టిస్టులకు బొమ్మకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే కూలి ఎంత తక్కువో, గడువుల కోసం మనుషుల్ని ఎలా అరగదీస్తారో అభిమానులే ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నారు. గీసేవాడి పేరు పట్టించుకున్నవాడికే అతని కూలి గురించీ పట్టింపు ఉంటుంది.

ఆ పేర్ల విలువ 2019 జూలై 18న తెలిసింది. క్యోటో యానిమేషన్ స్టూడియోకు ఒకడు నిప్పు పెడితే 36 మంది చనిపోయారు. వార్తల్లో అంకెలు వచ్చాయి. ఎండ్ క్రెడిట్స్ ఏళ్లుగా రాసిపెట్టుకున్న అభిమానులు ఆ పేర్లు బయటికొచ్చాక ఒక్కొక్కరి పనీ చెప్పగలిగారు. నవోకో యమడా తీసిన ‘ఎ సైలెంట్ వాయిస్’లో మనం చూసిన ఆ మొహాలకు రూపం ఇచ్చింది ఫుతోషి నిషియా అని, ‘హ్యోకా’ దర్శకుడు యసుహిరో తకెమోతో అని, ఫలానా ఎపిసోడ్‌లో ఫలానా సీను ఎవరిదని.

రాయడం మొదలుపెడదామనుకుంటే ఈ రాత్రి చూసే ఎపిసోడ్ చివర స్కిప్ బటన్ నొక్కకండి. స్టోరీబోర్డ్ (సీన్లను ముందుగా బొమ్మల్లో వేసుకునే ప్లాన్), ఎపిసోడ్ డైరెక్షన్, యానిమేషన్ డైరెక్టర్, ఈ మూడు చోట్ల ఉన్న పేర్లు నోటుబుక్కులో రాసుకోండి. పక్కన ఆ ఎపిసోడ్‌లో మీకు బాగా నచ్చిన సీను ఏదో ఒక వాక్యం రాయండి. సీజన్ అయిపోయేసరికి ఏ పేరున్న రోజు ఎపిసోడ్ మీకు ఎక్కువ నచ్చుతోందో ఆ నోటుబుక్కే చెబుతుంది. మీ మొదటి వ్యాసం ఆ పేరు మీద రాయండి.