సముద్రంలో కాకిరెట్టేనా?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా పై వాటా అమ్మాయి ఎమ్మెస్సీ చదువుతోంది. మొన్న మెట్ల దగ్గర ఆపి అడిగింది: "అంకుల్, హీమోగ్లోబిన్‌లో హైడ్రోజన్లు వదిలేసినా సుమారు 4,500 పరమాణువులు. దానికి ఒక్క పాదరసం పరమాణువు తగిలిస్తే ఎక్స్-రేలకి ఏం తేడా తెలుస్తుందండీ? సముద్రంలో కాకిరెట్ట కదా!"

మంచి అనుమానం. స్ఫటికం మీద పడ్డ ఎక్స్-రేలు ఏ కోణాల్లో బలంగా వెనక్కొస్తాయో చెప్పే బ్రాగ్ సూత్రాన్ని మన క్లాసుల్లో బట్టీ పట్టిస్తారు గానీ, అసలు చిక్కు చెప్పరు. ప్రోటీన్ స్ఫటికం మీద ఎక్స్-రేలు వేస్తే అవి చెదిరి డిటెక్టర్ మీద చుక్కలుగా పడతాయి. ప్రతి చుక్కా పరమాణువులన్నిటి అలలూ కలిసిన ఒక అల. దాని బలం డిటెక్టర్‌కి తెలుస్తుంది. శిఖరం ముందొచ్చిందా వెనకొచ్చిందా అన్నది, అంటే ఫేజ్, తెలీదు. అది లేకుండా ప్రోటీన్ బొమ్మ రాదు. అందుకే పాదరసం లాంటి బరువు పరమాణువు తగిలించి, చుక్కల బలం ఎలా మారిందో చూసి ఫేజ్ రాబడతారు.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా ఇసకలో ఒక కర్ర పాతండి. పూటుగా తాగినవాణ్ణి దాని దగ్గర నిలబెట్టి 4,500 అడుగులు వెయ్యమనండి. అడుగంటే ఏడు సెంటీమీటర్లు కాలీడ్చడమే. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్లలో సగటున ఏడు ఎలక్ట్రాన్లు కదా, అందుకని ఏడు. తిన్నగా నడిస్తే 315 మీటర్లు పోవాలి. కానీ వాడి అడుగు ఎటు పడుతుందో వాడికే తెలీదు. 4,500కి వర్గమూలం 67, దాన్ని ఏడుతో హెచ్చిస్తే 470. అంటే ఇంత తూలీ వాడు కర్రకి 4.7 మీటర్ల దూరంలోనే ఉంటాడు! పరమాణువుల అలలూ ఇలాగే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కర్రకి వాడి దూరమే చుక్క అల ఎత్తు, వాడున్న దిక్కే దాని ఫేజ్.

పాదరసానికి 80 ఎలక్ట్రాన్లు. ఒక్క గెంతు, 80 సెంటీమీటర్లు. 315 మీటర్ల పక్కన అది కాకిరెట్టే. 4.7 మీటర్ల పక్కన కాదు. దూరం 5.5 కావచ్చు, 3.9 కావచ్చు. చుక్క బలం దూరానికి వర్గం కాబట్టి 37 శాతం పెరగొచ్చు, 31 శాతం తగ్గొచ్చు. హీమోగ్లోబిన్ బొమ్మ కోసం ఏళ్ల తరబడి తంటాలు పడ్డ శాస్త్రవేత్త మాక్స్ పెరుట్జ్ దాని చుక్కల అసలు బలం కొలిచి, అది ఇంత తక్కువా అని ఆశ్చర్యపోయాడు. ధైర్యం అక్కడే వచ్చింది. 1953లో పాదరసం తగిలించి చూశాడు, చుక్కలు మారాయి. (పాదరసంతో బంగారం చేస్తామన్నవాళ్లు మనకి తరతరాలుగా ఉన్నారు. నిజంగా పనికొచ్చింది ఇక్కడ!)

ఇక దిక్కు, అంటే ఫేజ్. కర్ర నుంచి తాడు పట్టుకుని గెంతుకు ముందు దూరం, తర్వాత దూరం కొలవగలం. గెంతు ఎటువైపో ప్యాటర్‌సన్ లెక్క చెబుతుంది. అది చుక్కల బలాల నుంచే బరువు పరమాణువు జాగా పట్టే పద్ధతి, దానికి ఫేజ్ అక్కర్లేదు. కర్ర చుట్టూ మొదటి దూరంతో ఒక వృత్తం గీయండి. గెంతుకు ఎదురు దిక్కులో 80 సెంటీమీటర్లు జరిగి, అక్కణ్ణుంచి రెండో దూరంతో ఇంకో వృత్తం. రెండూ రెండు చోట్ల కోసుకుంటాయి. మనవాడు ఆ రెండింట్లో ఒకచోట ఉన్నాడు. ఎక్కడ? ఇంకో బరువు పరమాణువుతో మళ్లీ గెంతించాలి. లేదా ఆ పరమాణువే కొన్ని ఎక్స్-రేలను కాస్త పట్టి ఉంచి వదులుతుంది, అప్పుడు గెంతు కొంచెం పక్కకి తిరుగుతుంది. ఆ తిరుగుడుని ఫేజ్ కోసం వాడొచ్చని 1956లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, ఎస్. రామన్ చూపించారు. ఈ రామన్ నోబెల్ రామన్ కాదు.

మరి కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం, రైబోజోమ్? దాని పెద్ద ముక్కలోనే దాదాపు లక్ష పరమాణువులు. తాగుబోతు 22 మీటర్ల దూరం పోతాడు, 80 సెంటీమీటర్ల గెంతు కనపడదు. అమెరికాలో థామస్ స్టైట్జ్ బృందం 18 టంగ్‌స్టన్ పరమాణువులున్న గుత్తిని తగిలించింది. బొమ్మ మసగ్గా ఉన్నంతసేపూ ఆ గుత్తి ఒకే పరమాణువులా నటిస్తుంది: 18 ఇంటూ 74, అంటే 13.3 మీటర్ల గెంతు! 1998లో 9 ఆంగ్‌స్ట్రామ్‌ల బొమ్మ, అంటే అంతకంటే చిన్న వివరాలు కనపడని మసక బొమ్మ, అలా వచ్చింది.

"అయితే గుత్తితోనే మొత్తం తేల్చేయొచ్చుగా?" అంది అమ్మాయి. కుదరదు. వివరం పెరిగేకొద్దీ ఆ పద్దెనిమిదీ వేటికవే తూలడం మొదలెడతాయి, 13.3 కాస్తా 3.1 మీటర్లకి పడిపోతుంది. అక్కణ్ణుంచి ఆస్మియం లాంటి విడి పరమాణువులను చాలాచోట్ల అతికించి, ఒక్కోదాని జాగా వెతుక్కోవాల్సిందే.