పహాణీలో పేరు పోయింది, పొలం పోలేదు

"మొత్తం ఫార్మాట్ కొట్టెయ్యనా సార్?" అని అడిగాడు రిపేరు షాపు కుర్రాడు. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ, కానిమ్మని చెయ్యి ఊపాను. సాయంత్రానికి కొత్త విండోస్‌తో కంప్యూటర్ ఇంటికొచ్చింది. రాత్రి పదింటికి అక్క ఫోన్ చేసి, పాప బారసాల ఫొటోలు పంపమంది. గుండె గుభేలుమంది. తప్పు ఆ కుర్రాడిది కాదు, నాదే.

ఆ రాత్రి నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని కంప్యూటర్ ప్లగ్గు పీకెయ్యడం.

పొలం ఎవరిదో తెలియాలంటే పహాణీ చూస్తాం. ఆంధ్రలో అడంగల్ అంటారు. అందులోంచి ఎవరో పేరు కొట్టేశారనుకోండి, పొలంలో వరి మాత్రం అలాగే నిలబడి ఉంటుంది. కంప్యూటర్లో డిలీట్ అంటే ఇంతే. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకున్న పట్టిక ఒకటి హార్డ్‌డిస్క్‌లో ఉంటుంది. డిలీట్ నొక్కితే అందులో "ఈ జాగా ఖాళీ" అని పడుతుంది. ఆ కుర్రాడు చేసినట్టు క్విక్ ఫార్మాట్ (త్వరగా అయిపోయే పైపై ఫార్మాట్) చేస్తే పాత పట్టిక పోయి కొత్తది మొదలవుతుంది. ఫొటో తాలూకు అయస్కాంత గుర్తులు మాత్రం డిస్క్ లోపల తిరిగే పళ్లెం మీద పదిలంగా ఉంటాయి, ఇంకొకరు వచ్చి అక్కడ దున్నేదాకా. కంప్యూటర్ ఆన్‌లో ఉంటే ఆ దుక్కి ఆగదు. మనం ఏమీ చెయ్యకపోయినా విండోస్ అప్‌డేట్లు దించుకుంటూ, ఏవో చిన్న ఫైళ్లు రాసుకుంటూనే ఉంటుంది. ప్లగ్గు పీకింది అందుకే.

విండోస్‌కి ముందు కంప్యూటర్లను నడిపిన డాస్ రోజుల్లో ఈ గుట్టు బయటికే కనిపించేది. డిలీట్ చేసిన ఫైలు పేరులో మొదటి అక్షరం తీసేసి, అక్కడ 'E5' అనే గుర్తు పెట్టేది. 1991లో వచ్చిన డాస్ 5లో అన్‌డిలీట్ అనే కమాండ్ ఉండేది. అది పేరులో మిగిలిన అక్షరాలు చూపించి, మొదటిదేమిటో చెప్పమని మనల్నే అడిగేది. చెప్తే, ఆ ఫైలు ముక్కలన్నీ డిస్క్ మీద పక్కపక్కనే ఉంటే, ఫైలు లేచి కూర్చునేది.

పట్టికే లేనప్పుడు? పొలాలన్నీ తిరిగి పైరు చూసి పోల్చుకోవాలి. జేపీఈజీ (కెమెరాలు, ఫోన్లు మామూలుగా తీసే రకం) ఫొటో ఏదైనా ఎఫ్‌ఎఫ్ డీ8 ఎఫ్‌ఎఫ్ అనే బైట్లతో, అంటే కంప్యూటర్ గుర్తులతో మొదలై, ఎఫ్‌ఎఫ్ డీ9తో ముగుస్తుంది. ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్క్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చదువుతూ, ఆ మొదలు కనబడ్డ చోటల్లా ఫొటోను చెక్కి బయటికి తీస్తుంది. ముక్కలు చెదిరిపోయి ఉంటే మాత్రం ఇబ్బందే.

ముక్కలు చెదరకపోవడం ఎంత అదృష్టమో అమెరికా వ్యోమనౌక కొలంబియా కథ చెబుతుంది. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న ఆ వ్యోమనౌకలో, జినాన్ వాయువు మీద ఒక ప్రయోగం జరిగింది. దాని వివరాలున్న హార్డ్‌డిస్క్ ఆకాశం నుంచి పడి, ఎండిపోయిన చెరువులో నెలల తరబడి ఉండిపోయింది. దొరికినప్పుడు అది మాడిపోయిన ఇనప ముద్ద. సీలు కరిగి లోపలికి మట్టి చేరింది, పళ్లేలు గీసుకుపోయాయి. పోయిన డేటాను వెలికితీసే క్రోల్ ఆన్‌ట్రాక్ అనే అమెరికా కంపెనీ ఇంజినీర్లు ఆ పళ్లేలను రసాయనంతో కడిగి, మరో డ్రైవ్‌లో బిగించి తిప్పారు. 99 శాతం డేటా వచ్చింది! డిస్క్ సగమే నిండి ఉండటం, అది డాస్‌తో నడవడం కలిసొచ్చాయి. డాస్ డేటాను చెల్లాచెదురు చెయ్యకుండా ఒకచోటే రాసింది; గీతలు పడ్డది ఖాళీ భాగం మీద. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. అదే నౌకలోని మరో రెండు డిస్కులు మాత్రం ఎందుకూ పనికిరాలేదు.

నిప్పుకీ మట్టికీ లొంగని డేటా, దాని మీద ఒక్కసారి సున్నాలు రాస్తే పోతుంది. 1996లో పీటర్ గట్‌మన్ అనే కంప్యూటర్ భద్రతా నిపుణుడు 35 సార్లు రాసే పద్ధతి చెప్పాడు. ఇప్పటి డిస్కులకు అంత అక్కర్లేదని తర్వాత ఆయనే అన్నాడు. కానీ ఆ ఒక్కసారి కూడా చాలామంది చెయ్యరు. ఎంఐటీలో గార్‌ఫింకెల్, శలత్ అనే ఇద్దరు 158 పాత డిస్కులు కొని చూస్తే, పనిచేసిన 129లో శుభ్రంగా తుడిచినవి 12. మిగతావాటిలో క్రెడిట్ కార్డు నంబర్లు వేలల్లో దొరికాయి. పాత లాప్‌టాప్ అమ్మేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీల సంగతి వేరు. ఫైలు డిలీట్ చెయ్యగానే ట్రిమ్ అనే ఆదేశం వెళ్తుంది, ఆ జాగాను ఎస్‌ఎస్‌డీ తనంతట తనే ఖాళీ చేసేసుకుంటుంది. పహాణీలో పేరు కొట్టేసిన వెంటనే ట్రాక్టర్ దింపినట్టన్నమాట. నాది పాత హార్డ్‌డిస్క్ కావడం నా అదృష్టం.

మర్నాడు ఆ డిస్క్ విప్పి, స్నేహితుడి కంప్యూటర్‌కి తగిలించి ఫొటోరెక్ నడిపాను. రాత్రంతా తిరిగింది. పొద్దున్నకి వేల ఫొటోలు, ఒక్కదానికీ పేరు లేదు, అన్నీ అంకెలే. బారసాలవి చాలామటుకు దొరికాయి. ఒకటి మాత్రం సగమే తెరుచుకుంది. జేపీఈజీ పైనుంచి కిందికి వరసగా రాసుంటుంది కాబట్టి పైసగం చక్కగా ఉంది, నవ్వుతున్న అమ్మమ్మ ముఖం. ఆవిడ ఒళ్లో పాప ఉండాల్సిన చోట బూడిదరంగు పలక. అక్కడ కొత్త విండోస్ తాలూకు ఏదో ఫైలు కూర్చుంది.