మామూలు బడిలో ప్రత్యేక అవసరాల పిల్లలు: అపోహలు - వాస్తవాలు

అడ్మిషన్ల నెలలో బడి ఆఫీసు గదుల్లో వినిపించే మాటలు ఏటా అవే. "ఇలాంటి పిల్లలకు మా దగ్గర సౌకర్యాల్లేవండీ." "ముందు సదరం సర్టిఫికెట్ తెండి, తర్వాత చూద్దాం." "షాడో టీచర్‌ని (పిల్లవాడి పక్కనే ఉండి సాయపడే మనిషిని) మీరే పెట్టుకుంటే ఆలోచిస్తాం." ఎవరు ఎలా అన్నా లోపలి లెక్క ఒకటే: బడికి తగ్గట్టు పిల్లవాడే తయారై రావాలి. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం (2016) ఈ లెక్కను తిరగేసింది. ఇప్పుడు సర్దుకోవాల్సింది బడి. చట్టం గుర్తించిన వైకల్యాలు 21. వాటిలో డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు, ఆటిజం, తలసీమియా, సికిల్‌సెల్ కూడా ఉన్నాయి. చక్రాల కుర్చీ కనిపిస్తేనే వైకల్యం అనుకునేవాళ్లు ఈ జాబితాను ఒక్కసారైనా చదవాలి.

అపోహ: 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ లేకపోతే బడి ఏమీ చేయనక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. 40 శాతం నిబంధన ఉన్న చోట్లు వేరు, లేని చోట్లు వేరు. 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు (సెక్షన్ 31), ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, గరిష్ఠ వయసులో 5 ఏళ్ల సడలింపు (సెక్షన్ 32) కావాలంటే 40 శాతం ఉండాలి. కానీ బడి బాధ్యతలు చెప్పే సెక్షన్ 16లో శాతం ఊసే లేదు. వివక్ష లేకుండా చేర్చుకోవడం, అవసరానికి తగిన సర్దుబాట్లు చేయడం, అభ్యసన వైకల్యాన్ని వీలైనంత తొందరగా గుర్తించి దానికి తగ్గట్టు బోధించడం, పిల్లల ప్రగతిని గమనించడం అన్నీ ఆ సెక్షన్‌లోనే ఉన్నాయి. 2021 ఫిబ్రవరి 11న వికాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే విడమరిచింది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే ఆ అభ్యర్థికి 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను (చెప్పింది రాసిపెట్టే సహాయకుణ్ని) నిరాకరించడం చెల్లదని తేల్చింది.

పైగా అభ్యసన వైకల్యానికి సర్టిఫికెట్ సాధారణంగా 8 ఏళ్లు నిండాకే ఇస్తారు. 14 ఏళ్లప్పుడు, 18 ఏళ్లప్పుడు మళ్లీ పరీక్షిస్తారు. మరి రెండో తరగతి పిల్లను సర్టిఫికెట్ తెమ్మంటే ఎక్కడి నుంచి తెస్తుంది? అది చేతికొచ్చే వరకు ఆగితే చదవడం నేర్చుకోవాల్సిన ఏళ్లు కాస్తా గడిచిపోతాయి.

బడి వెంటనే చేయగలిగింది ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ప్రశస్త్ యాప్‌లో మొదటి భాగం మామూలు టీచర్లు నింపేదే. అందులో అనుమానం తేలిన పిల్లలకు రెండో భాగాన్ని స్పెషల్ ఎడ్యుకేటర్ నింపుతారు. ఇది వడపోత మాత్రమే, వైద్య నిర్ధారణ కాదు. కాబట్టి ఫలితం చూసి పిల్లవాడికి పేరు పెట్టేయకూడదు. సర్టిఫికెట్ పని ఒక పక్క నడుస్తుంది: తెలంగాణలో యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో సొంతంగానో మీసేవ ద్వారానో దరఖాస్తు చేయాలి, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో స్లాట్ తీసుకోవాలి. పాత వైద్య రిపోర్టులన్నీ వెంట ఉంచుకోవాలి. ఎక్కువగా బెడిసికొట్టేది చిన్న విషయమే: ఆధార్‌లో ఒక పేరు, బడి రిజిస్టర్‌లో ఇంకో పేరు. రెండోది, కార్డు వచ్చాక కూడా బడి యూడైస్ ప్లస్‌లో (బడుల, పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్‌లో) ఆ పిల్ల వివరాల దగ్గర వైకల్యం గడి నింపకపోవడం. ఆ గడి ఖాళీగా ఉంటే సమగ్ర శిక్ష పథకం లెక్కల్లో ఆ పిల్ల లేనట్టే. పరికరాలు, రవాణా భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున 10 నెలలు వచ్చే స్టైపెండ్ అన్నీ ఆ లెక్కల మీదే కదులుతాయి.

అపోహ: చదవలేకపోతున్నాడంటే తెలివి తక్కువ, లేదా బద్ధకం.

మేధో వైకల్యం వేరు, అభ్యసన వైకల్యం వేరు. రెండో రకం పిల్లలు నోటితో అడిగితే చక్కగా చెబుతారు, అదే కాగితం మీద పెట్టమంటే ఆగిపోతారు. తెలుగులో ఇది ఎక్కడ బయటపడుతుందో టీచర్లకు తెలిసే ఉంటుంది: ప-ష-వ, మ-య, బ-భ తారుమారు కావడం, గుణింతంలో దీర్ఘం రాలిపోవడం, ఒత్తులు దాటేయడం. మూడో తరగతి దాటాక కూడా ఇవి మొండిగా నిలిచి ఉంటే పదిసార్లు ఇంపోజిషన్ రాయించి లాభం లేదు. ఒక వారంలో ఒకే జత అక్షరాలు తీసుకోవాలి. చూడటం, పలకడం, వేలితో ఇసుక మీదో పలక మీదో పెద్దగా రాయడం కలిపి చేయించాలి. ఒకేలా కనిపించే రెండు అక్షరాలను ఒకే రోజు పరిచయం చేయకూడదు. మొదటిది స్థిరపడ్డాకే రెండోది. వర్ణమాల వరుసలోనే పోవాలన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు.

అపోహ: అందరితో పాటు ఒకే గదిలో కూర్చోబెడితే అదే సమ్మిళిత విద్య.

చట్టంలో సమ్మిళిత విద్య నిర్వచనానికి రెండు కాళ్లున్నాయి. వైకల్యం ఉన్నవాళ్లు, లేనివాళ్లు కలిసి చదవాలి. బోధించే పద్ధతి కూడా ఆ పిల్లల అవసరానికి తగ్గట్టు మారాలి. చాలా బళ్లు మొదటి కాలి దగ్గరే ఆగిపోతాయి.

వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్ల సంగతే తీసుకుందాం. యంత్రం చెవికి ఉన్నంత మాత్రాన పిల్లకు వినబడుతోందని కాదు. రోజూ మొదటి పీరియడ్‌లో ఒక్క నిమిషం పరీక్ష చాలు. పిల్ల వెనక ఒక మీటరు దూరంలో నిలబడి, లేదా నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అనే ఆరు ధ్వనులను వరుస మార్చి, మధ్యమధ్య ఆగుతూ పలకండి. వినబడినప్పుడల్లా పిల్ల చెయ్యెత్తాలి. ఒక్కటీ వినబడలేదంటే ముందు బ్యాటరీ, తర్వాత చెవి అచ్చులో గుబిలి చూడాలి. నిన్నటి వరకు విన్న స్, ష్ ఇవాళ వినబడకపోతే ఆడియాలజిస్టుకు చూపించాలి. స్టిక్కర్ ఉన్న బ్యాటరీలకు స్టిక్కర్ పీకిన క్షణం నుంచే ఛార్జి తగ్గుతుంది, వాడినా వాడకపోయినా. అందుకే అన్నీ ఒకేసారి విప్పి డబ్బాలో పెట్టకూడదు.

తరగతిలో టీచర్ కిటికీకి వీపు పెట్టి నిలబడితే ముఖం మీద నీడ పడి పెదాలు కనిపించవు. బోర్డు వైపు తిరిగి రాస్తూ చెప్పిన మాటలన్నీ ఆ పిల్లకు పోయినట్టే. రాయడం ఆపి, తిరిగి, అప్పుడు చెప్పాలి. వేరే పిల్లవాడు జవాబు చెబితే దాన్ని టీచర్ ఒకసారి మళ్లీ చెప్పాలి. మొదటి వరుస కంటే రెండో వరుసలో ఓ పక్కన కూర్చుంటే టీచర్‌తో పాటు మిగతా పిల్లల ముఖాలూ కనిపిస్తాయి.

చూపు తక్కువ పిల్లలకు ప్రశ్నపత్రాన్ని ఏ3 కాగితం మీద పెద్దది చేసి ఇస్తే సరిపోదు. అక్షరాలు 18 నుంచి 24 పాయింట్లు, వరుసల మధ్య ఖాళీ ఎక్కువ, మెరవని కాగితం, నల్లని ముద్రణ కావాలి. తెలుగులో చిక్కంతా ఒత్తుల దగ్గర. అసలు అక్షరం పెద్దదైనా కింద ఒత్తు సన్నగా, పక్క వరుసకు అంటుకుని ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీ పిల్లల రాత గురించి మాట్లాడే ముందు కాళ్లు చూడండి. పాదాలు నేలకు ఆనకుండా వేలాడుతుంటే ఒంటిని నిలబెట్టుకోవడానికే బలమంతా పోతుంది. కాళ్ల కింద పీట వేసి, బల్లను మోచేతి ఎత్తుకు తెస్తే రాత మెరుగవడం చాలాసార్లు అదే రోజు కనిపిస్తుంది.

అపోహ: ఇక ప్రత్యేక పాఠశాలలు ఉండవు, లేదా తీవ్ర వైకల్యం ఉంటే అక్కడికే పోవాలి.

రెండూ తప్పే. దగ్గరలోని బడా, ప్రత్యేక పాఠశాలా అన్న ఎంపికను సెక్షన్ 31 పిల్లవాడి చేతిలోనే పెట్టింది. బహుళ లేదా తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లు ఇంటి దగ్గరే చదువుకునే వీలును విద్యాహక్కు చట్టం 2012 సవరణ కల్పించింది. అదీ కుటుంబం కోరుకునేదే. "మీ బాబుని ఇంట్లో ఉంచండి, మేమే వస్తాం" అని బడి తేల్చేయడానికి కాదు.

అపోహ: ప్రైవేటు బళ్లకు ఇవేవీ వర్తించవు.

ప్రభుత్వం నిధులిచ్చే బళ్లతో పాటు గుర్తింపు ఇచ్చిన బళ్లు కూడా సెక్షన్ 16 పరిధిలోకి వస్తాయి. గుర్తింపు ఇచ్చేది ప్రభుత్వమే కాబట్టి అడగాల్సిన దారీ డీఈఓ ఆఫీసు గుండానే పోతుంది. ఉన్నమాట చెప్పాలంటే ఆ సెక్షన్ మొదటి వాక్యంలో "ప్రయత్నించాలి" అన్న మెతకదనం ఉంది. యాజమాన్యాలు పట్టుకునేది దాన్నే. అడ్మిషన్‌కు ముందు పిల్లలకు స్క్రీనింగ్ పెట్టకూడదన్న విద్యాహక్కు చట్టం సెక్షన్ 13లో మాత్రం ఆ మెతకదనం లేదు. అందుకే అర్జీలో రెండు చట్టాలూ రాయాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తరగతి 25 శాతం ఉచిత సీట్లలో 5 శాతం అనాథ, హెచ్‌ఐవీ బాధిత, దివ్యాంగ పిల్లలకు కేటాయించారు.

షాడో టీచర్ సంగతి. అవసరమైన పిల్లలు ఉన్నారు, కాదనం. కానీ వ్యక్తిగత సాయం అందించడం చట్టం బడి బాధ్యతల్లో చేర్చింది. ఆ ఖర్చును అడ్మిషన్ షరతుగా తల్లిదండ్రుల మీద వేయడం దాని ఉద్దేశానికి ఎదురు.

అపోహ: స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారుగా, క్లాస్ టీచర్‌కు సంబంధం లేదు.

సుప్రీంకోర్టులో రజనీష్ కుమార్ పాండే కేసు తర్వాత స్థిరపడిన స్పెషల్ ఎడ్యుకేటర్ల నిష్పత్తి ప్రాథమిక స్థాయిలో 10 మంది పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు. మన మండలాల్లో భవిత కేంద్రాల ఐఈఆర్‌పీలు (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు) ఒకరిద్దరే బళ్లన్నీ చుట్టాలి. వాళ్లు బడికి రాని రోజులే ఎక్కువ కాబట్టి ప్రణాళిక క్లాస్ టీచర్ చేతిలో ఉండాల్సిందే.

ఆ ప్రణాళికనే ఐఈపీ (వ్యక్తిగత విద్యా ప్రణాళిక) అంటారు. అమెరికాలో ఉన్న బంధువులు చెప్పగా విని, అక్కడిలా సంతకాలతో మీటింగ్ పెట్టమని అడిగే తల్లిదండ్రులు ఉంటారు. అది అక్కడి ఐడియా (IDEA) అనే దివ్యాంగుల విద్యా చట్టం తప్పనిసరి చేసిన పద్ధతి. మన చట్టంలో ఐఈపీ అన్న మాట లేదు, "వ్యక్తిగత తోడ్పాటు" ఉంది. కాగితం ఏదైనా కొలవగలిగేలా రాయాలి. "చదవడం మెరుగుపరచాలి" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "ఒత్తులు లేని 10 రెండక్షరాల పదాల్లో 8 సాయం లేకుండా, వరుసగా మూడు రోజులు చదువుతుంది, గడువు సెప్టెంబరు నెలాఖరు" అని రాస్తే అక్టోబరులో లెక్క తేలుతుంది. ఒక టర్ముకు మూడు నాలుగు లక్ష్యాలు మించొద్దు.

అపోహ: పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ అంటే మార్కులు ధారపోయడమే.

సిలబస్ మారదు, జవాబులు పిల్లవాడివే. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా, అంటే 3 గంటల పరీక్షకు మరో గంట ఇవ్వాలి. రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు కూడా సెక్షన్ 17లో రాసి ఉంది. పదో తరగతికి ఏవి, ఏ పత్రాలతో ఇస్తారో బోర్డు ఆ ఏటి ఉత్తర్వులో చూసుకోవాలి. దరఖాస్తు హెడ్మాస్టర్ ద్వారానే పోతుంది. నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపేశాక గుర్తొస్తే పరుగులే. భాష మినహాయింపు గురించి ఎనిమిదిలోనే నిర్ణయించుకుని, ఆ పీరియడ్‌లో పిల్లవాడు ఏం చేస్తాడో కూడా టైంటేబుల్‌లో రాయాలి.

స్క్రైబ్ దొరికాక కూడా దెబ్బతినేది అలవాటు లేకపోవడం వల్ల. జవాబు నోటితో చెప్పి రాయించడం వేరే నైపుణ్యం. లెక్కల్లో "హోల్ స్క్వేర్" ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పకపోతే రాసేవాళ్లు తప్పు రాస్తారు. యూనిట్ టెస్టుల నుంచే చెప్పించి రాయిస్తే చివరి పరీక్షలో తడబాటు ఉండదు.

అపోహ: ర్యాంపు కట్టేశాం, పని అయిపోయింది.

వాలు 1:12 ఉండాలి. అరుగు 45 సెంటీమీటర్ల ఎత్తుంటే ర్యాంపు 5.4 మీటర్లు పొడవు. రెండు మీటర్లలో ముగించిన సిమెంటు జారుడుబల్ల మీద చక్రాల కుర్చీ ఎక్కదు, దిగేటప్పుడు బోల్తా పడుతుంది. తలుపు తెరిచాక 90 సెంటీమీటర్ల దారి ఉండాలి. ఇవన్నీ చేసి దివ్యాంగుల మరుగుదొడ్డికి తాళం వేసి చీపుర్లు దాచే బళ్ల గురించి వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: కాదన్నారంటే అంతే, చేసేదేం లేదు.

నోటిమాటగా కాదంటే చట్టం ముందు నిలబడదు, కానీ అలా అన్నారని మనం నిరూపించలేం కూడా. అందుకే మొదటి అడుగు కాగితం: పిల్లవాడి అవసరం, అడుగుతున్న సర్దుబాటు, సెక్షన్ 16, తేదీ రాసి హెడ్మాస్టర్‌కు రెండు కాపీలు ఇవ్వండి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టు. జవాబు రాకపోతే ఎంఈఓ, డీఈఓ. అక్కడా కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్. విచారణలో కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. సిఫారసు అందిన అధికారి 3 నెలల్లోపు ఏం చేశారో తెలపాలి. చట్టాన్ని మీరితే మొదటిసారి 10,000 రూపాయల వరకు, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది. అయితే చాలా వరకు ముద్ర పడిన కాపీ ఎంఈఓ ఆఫీసుకు చేరే సరికే బడి నుంచి ఫోను వస్తుంది. అప్పుడు కూడా ఏం ఒప్పుకున్నారో రాసి ఇమ్మని అడగండి.